చక్రాలున్నా కదలని బళ్ళు

పోర్ట్‌లాండ్‌లో ఎండ కాస్తే అది వార్త. అక్టోబరులో పట్టిన ముసురు ఏప్రిల్, మే దాకా వదలదు. పెద్ద వానేం కాదు, ఎవరో పైనుంచి స్ప్రే బాటిల్‌తో కొడుతున్నట్టు రోజంతా తుంపర. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళు గొడుగు పట్టరు. పట్టినవాడిని చూస్తే "పాపం, కొత్తగా వచ్చినట్టున్నాడు" అనుకుంటారు. నేను వచ్చి పన్నెండేళ్ళు దాటింది, ఇంకా గొడుగు పడుతూనే ఉన్నాను. అది వేరే సంగతి.

అలాంటిది మొన్న మార్చి చివరి శనివారం పొద్దున లేచి చూద్దును కదా, తోమిన కంచంలా ఆకాశం తళతళలాడుతోంది. మధ్యాహ్నానికి 65 డిగ్రీలు, అంటే మన లెక్కలో 18. గుంటూరులో అయితే మంకీ టోపీలు అటకమీంచి దిగే వాతావరణం. ఇక్కడ మాత్రం జనం నిక్కర్లేసుకుని పార్కుల్లో పడుకుంటారు. ఇలాంటి రోజున హిల్స్‌బరోలో మాకు అలవాటైన కార్యక్రమం ఏంటంటే, నలుగురు స్నేహితులకి ఫోన్లు చేసి, ఒంటిగంటకి ఇండియన్ బఫేకి పోయి, మూడింటికి ఇంటికొచ్చి పడుకోవడం. ఈసారి మా ఆవిడ ఒప్పుకోలేదు. "ఇవాళ బళ్ళ దగ్గర తిందామండీ. ఒక్కో బండి దగ్గర ఒక్కో దేశం. ఇండియన్ బండి కనిపించినా ఆగకూడదు" అని షరతు పెట్టింది. నేను సరదాకి అనుకున్నాను. ఆవిడ మనసులో వేరే లెక్క ఉందని సాయంత్రానికి గానీ తెలియలేదు.

మ్యాక్స్ రైలెక్కి ఊళ్ళో దిగి ముందు నది ఒడ్డుకి వెళ్ళాం. విల్లామెట్ ఒడ్డున, వాటర్‌ఫ్రంట్ పార్కు ఉత్తరం కొసన వంద దాకా చెర్రీ చెట్లున్నాయి. ఏడాదికి రెండు వారాలు ఆకు అనేది లేకుండా మొత్తం పువ్వే. మన తెలుగువాళ్ళంతా అక్కడ ఫోటోలు దిగుతారు, నేనూ ప్రతి ఏడాదీ దిగుతాను. అవి జపనీస్ అమెరికన్ హిస్టారికల్ ప్లాజా అనే చోట ఉన్నాయనీ, 1990లో ఆ ప్లాజా కట్టింది 1942లో క్యాంపులకి తరలించబడ్డ జపనీయుల జ్ఞాపకంగా అనీ చాలా ఏళ్ళదాకా నాకు తెలీదు. ఆ దగ్గర్లోనే వాళ్ళ పేట ఉండేది. హోటళ్ళు, కిరాణా కొట్లు, లాండ్రీలు. పశ్చిమ తీరమంతా కలిపి లక్షా పాతిక వేల మంది దాకా, అందులో మూడింట రెండొంతులు ఇక్కడే పుట్టిన పౌరులు, మోసుకెళ్ళగలిగినంత సామానుతో కదలమన్నారు. మా పాప పూలరేకులు ఏరుకుంటుంటే ఆ రాళ్ళ మీద చెక్కినవి చదివాను. ఆకలి మాత్రం చావలేదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి.

బళ్ళ సంగతికొద్దాం. అమెరికాలో ఫుడ్ ట్రక్ అంటే చాలామందికి లాస్ ఏంజెలెస్ గుర్తొస్తుంది. 2008లో రాయ్ చోయ్ వాళ్ళ కోగి ట్రక్ కొరియన్ మాంసాన్ని మెక్సికన్ టాకోలో పెట్టి, ఈ రాత్రి ఏ వీధిలో ఉంటామో ట్విట్టర్‌లో చెప్పి, జనాన్ని వెంట తిప్పుకుంది. అక్కడ బండి తిరుగుతుంది, జనం వెతుక్కుంటారు. పోర్ట్‌లాండ్ పద్ధతి వేరు. ఇక్కడ బండి తిరగదు. ఖాళీ పార్కింగ్ స్థలం అంచుల్లో పదో, ఇరవయ్యో బళ్ళు వరసగా నిలబడి ఉంటాయి, ఏళ్ళ తరబడి. ఆ గుంపుని పాడ్ అంటారు. మధ్యలో బల్లలు, పైన గుడారం, చలికాలమైతే ఒక మంట. మన ఊళ్ళో బస్టాండు బయట సాయంత్రంపూట వెలిసే బజ్జీల బళ్ళ వరసలాంటిదే, కాకపోతే అన్నిటికీ కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ లైసెన్సు ఉంటుంది. మంచినీళ్ళకో ట్యాంకు, వాడిన నీళ్ళకో ట్యాంకు, ఆ రెండోది మొదటిదానికన్నా పెద్దదిగా ఉండాలి, చేతులు కడుక్కునే సింకు వేరే, అన్నీ తనిఖీ చేస్తారు. "బండి తిండి, శుభ్రం ఉంటుందో ఉండదో" అని ఇక్కడ కూడా ముక్కు విరిచే మనవాళ్ళ కోసం ఇది చెప్తున్నాను. విచిత్రమేంటంటే వాళ్ళే ఇండియా వెళ్ళొచ్చి, బ్రాడీపేటలో డ్రైనేజీ పక్కన తిన్న పునుగుల గురించి కళ్ళు మూసుకుని వర్ణిస్తారు.

ఒడ్డునే నడిచి, హాథార్న్ వంతెన మీదుగా నది దాటి సౌత్ ఈస్ట్‌లో ఒక పాడ్‌కి చేరాం. మొదట థాయి బండి. ఖావ్ మన్ గై. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, ఉడకబెట్టిన కోడి, ఆ కోడి ఉడికిన నీళ్ళలోనే వండిన అన్నం, నాలుగు దోసకాయ ముక్కలు, చిన్న గిన్నెలో చారు. చూడగానే మా ఆవిడ మొహం మాడ్చింది. "ఇదేంటండీ, పథ్యం కూడులా ఉంది?" తర్వాత పక్కన పెట్టిన సాసు కలిపింది. అల్లం, పచ్చిమిరప, వెల్లుల్లి, పులియబెట్టిన సోయా గింజలు. రెండో ముద్దకి మాట్లాడ్డం మానేసింది. మూడో ముద్దకి నా వాటా సాసు కూడా తీసుకుంది. అన్నం మెత్తబడకుండా, ఏ మెతుకుకి ఆ మెతుకు నెయ్యి రాసినట్టు విడిగా ఉంది. అది నెయ్యి కాదు, కోడి కొవ్వు.

తర్వాత ఇథియోపియా బండి. ఇంజెరా అంటే నా దృష్టిలో మూడు రోజులు పులిసిన పిండితో వేసిన, తిరగెయ్యని అట్టు. పైన కందిపప్పు ముద్దలాంటిది, అలసందల కూర, ఆకుకూర. కారం మనదాని చుట్టమే. పాప అట్టు మాత్రం చింపుకుని తినేసింది. ఆ తర్వాత ఒహాకా బండి దగ్గర అరిటాకులో చుట్టి ఉడికించిన తమాలే, విప్పితే మా అమ్మమ్మ పనసాకు బుట్టల్లో వేసే ఇడ్లీల వాసన. ఆకు వేరు, పిండి వేరు, ఖండం వేరు, ఆ ఆవిరి వాసన ఎలా ఒకటైందో నాకు అర్థం కాలేదు. ఒరెగాన్‌లో సేల్స్ ట్యాక్స్ లేదు కాబట్టి బోర్డు మీద ఎంత రాస్తే అంతే. ఆ ఆనందం మూడు సెకన్లు ఉంటుంది. తర్వాత ట్యాబ్లెట్ మనవైపు తిప్పుతారు, 18, 20, 25 శాతం అని అడుగుతూ.

కడుపు నిండాక కూర్చుని చుట్టూ చూస్తుంటే, తమాలే బండి కింద ఏళ్ళ తరబడి కదలని చక్రాలు కనిపించాయి. చుట్టూ గడ్డి మొలిచింది. ముందు చెక్క వరండా, పూలకుండీలు, కరెంటు తీగ, అయినా చక్రాలు అలాగే ఉన్నాయి. తియ్యొచ్చు కదా, ఇటుకల మీద నిలబెట్టొచ్చు కదా అంటే, కుదరదు. ఈ ఊరి నిబంధనల ప్రకారం చక్రాలు పనిచేసే స్థితిలో ఉండి, లాక్కెళ్ళడానికి ఇరుసు ఉండి, పదహారు అడుగులు దాటకపోతేనే అది వాహనం. చక్రాలు తీసేస్తే కట్టడం అవుతుంది. కట్టడమైతే బిల్డింగ్ పర్మిట్లు, జోనింగు, ఇంకా చాలా. కాబట్టి ఎక్కడికీ వెళ్ళని బండి, ఎప్పుడైనా వెళ్ళిపోగలను అన్నట్టు నటిస్తూ ఉండాలి. మన భాషలో చెప్పాలంటే, "తాత్కాలికం, తర్వాత మార్చాలి" అని కామెంటు రాసి ప్రొడక్షన్‌లో పదేళ్ళు నడిచే కోడ్ అన్నమాట. అందరికీ తెలుసు అది శాశ్వతమని. అలా అని కామెంటు మాత్రం ఎవరూ తియ్యరు.

ఆ నటనలో లాభం ఉంది, కాదనను. పెట్టుబడి తక్కువ, కాబట్టి ఎవరైనా మొదలుపెట్టొచ్చు. నాంగ్ పూన్‌సుక్‌వత్తన అనే ఆవిడ 2003లో రెండు సూట్‌కేసులు, డెబ్భై డాలర్లతో ఈ ఊళ్ళో దిగింది. 2009లో టెన్త్ అండ్ ఆల్డర్ దగ్గర ఒక చిన్న బండి పెట్టి ఒకే ఒక్క వంటకం అమ్మింది. పైన చెప్పిన ఖావ్ మన్ గైయే. ఒకటే వంటకం! మన రెస్టారెంట్ మెనూల్లో నూట నలభై ఐటమ్స్ చూసి అలవాటైన వాళ్ళకి ఇది సాహసంలా అనిపిస్తుంది. తర్వాత గోడలున్న కొట్లు పెట్టింది. ఊళ్ళో భోజనప్రియులెవరిని అడిగినా ఆవిడ పేరు చెప్తారు.

నష్టం సంగతి కూడా ఆ టెన్త్ అండ్ ఆల్డరే చెప్తుంది. నేను వచ్చిన కొత్తల్లో ఊళ్ళో పనుంటే మధ్యాహ్నం అక్కడే తినేవాణ్ణి. మొత్తం బ్లాకు చుట్టూ యాభైకి పైగా బళ్ళు, ఊళ్ళోకెల్లా పెద్ద పాడ్. ఆ స్థలం బళ్ళవాళ్ళది కాదు, పార్కింగ్ లాటు. 2019 వేసవిలో బళ్ళన్నీ ఖాళీ చేయించారు. చక్రాలున్నాయిగా మరి, లాక్కెళ్ళారు. కొన్ని వేరే పాడ్‌లకి పోయాయి, కొన్ని ఎక్కడికి పోయాయో తెలీదు. 2021లో కొన్నిటికి అక్కడికి దగ్గర్లోని ఒక పార్కులో చోటిచ్చారు. పాత చోట ముప్పై అయిదు అంతస్తుల మేడ లేచింది, అందులో 2023లో రిట్జ్ కార్ల్‌టన్ హోటల్ తెరిచారు. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అంటారు మనవాళ్ళు. ఇక్కడ బళ్ళు హోటలయ్యాయి, కాకపోతే వేరేవాళ్ళ హోటలు.

"స్థలం వాళ్ళది, వాళ్ళిష్టం, మార్కెట్ అంటే అంతే" అని మా ఆఫీసులో ఒకాయన అన్నాడు అప్పట్లో. చట్టప్రకారం కరెక్టే. కానీ ఊరికి టూరిస్టుల్ని తెచ్చిపెట్టిన పేరు ఆ బళ్ళది. పత్రికల్లో ఊరి గురించి రాస్తే ముందు బళ్ళ ఫోటోనే వేసేవారు. ఊరి గొప్పతనం చెప్పుకునేటప్పుడు అవి ఊరి ఆస్తి. ఖాళీ చెయ్యమనేటప్పుడు మాత్రం అవి చక్రాలున్న వాహనాలు. నా అభ్యంతరం అక్కడ. వెళ్ళమంటే వెళ్తారు సరే, ఎక్కడికి వెళ్ళాలో ముందు చూపించి కదా వెళ్ళమనాల్సింది. రెండేళ్ళ తర్వాత దొరికిన చోటు, ఆ రెండేళ్ళూ ఆగగలిగిన వాడికే పనికొస్తుంది.

నాకెందుకింత బాధ అంటే, చెప్తాను. మన బండికీ చక్రాలే. గ్రీన్‌కార్డు వరసలో నా ప్రయారిటీ డేట్ 2016. ఏ దేశానికైనా ఏడు శాతం మించి ఇవ్వకూడదన్న లెక్కలో మన వరస ఎంత పొడుగో చదివేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఇల్లు కొన్నాం, కూతురు ఇక్కడే పుట్టింది, పెరట్లో కరివేపాకు కుండీలో నాలుగడుగులు పెరిగింది (చలికాలం లోపలికి, ఎండాకాలం బయటికి, దానికీ చక్రాల స్టాండే). వరండా, పూలకుండీలు అన్నీ ఉన్నాయి. కాగితాల మీద మాత్రం వాహనమే. నిరుడు నా స్నేహితుడొకడికి ఉద్యోగం పోయింది. ఉద్యోగం పోతే అరవై రోజులు. ఆ అరవై రోజులు వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా నాకు కనపడింది ఒకటే, అంతకుముందు నెల కొన్న సోఫా, ప్లాస్టిక్ కవరు తియ్యకుండా. యాభై మూడో రోజున డల్లస్‌లో ఉద్యోగం దొరికింది. కవరుతోనే ట్రక్కు ఎక్కించారు.

ఇంకో తమాషా ఉంది. ఈ దేశానికి వచ్చిన ప్రతి జాతీ మొదట బండి పెట్టుకునో, కొట్టు పెట్టుకునో నిలదొక్కుకుంది అంటారు. నిపుణులం అని పిలిపించుకున్న మనకి ఆ అవకాశం లేదు. హెచ్-1బి మీద ఉన్నవాడు స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ పనిచెయ్యకూడదు, తనకి తాను కూడా. నేను సొంత బండిలో నిలబడి గరిటె తిప్పితే నేరం. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ డిజైన్ చెయ్యొచ్చు, దోసె తిరగెయ్యకూడదు.

కానీ మా ఆవిడ తిప్పొచ్చు. 2015లో వచ్చిన నిబంధన పుణ్యమా అని, భర్త ఐ-140 ఆమోదమైన హెచ్-4 వాళ్ళు వర్క్ పర్మిట్ తీసుకుని ఏ పనైనా చేసుకోవచ్చు, సొంత వ్యాపారంతో సహా. ఆ సాయంత్రం, తమాలే ఆకు మడుస్తూ ఆవిడ అసలు సంగతి బయటపెట్టింది. "పెసరట్టు బండి పెడదామనుకుంటున్నానండీ. ఒకటే ఐటమ్. పెసరట్టు, అల్లం పచ్చడి. కావాలంటే ఉప్మా. అంతే. ఆవిడ కోడి అన్నంతో నెట్టుకొచ్చింది కదా." పొద్దున్నించి ఆవిడ తింటూ చూసింది రుచులు కాదన్నమాట. ఎంతమంది నిలబడ్డారు, ఆర్డరుకి ఎన్ని నిమిషాలు పట్టింది, లోపల ఎంతమంది ఉన్నారు, ఇదంతా ఫోనులో రాసుకుంది. స్ప్రింట్ ప్లానింగ్‌లో మేం కూడా అంత వివరంగా రాయం.

నేను చెయ్యాల్సిన పని నేను చేశాను, అంటే భయపెట్టాను. 2025 అక్టోబరు 30 నుంచి రెన్యువల్‌కి పెట్టుకున్నంత మాత్రాన వర్క్ పర్మిట్ దానంతటదే పొడిగించబడదు. కొత్త కార్డు ఆలస్యమైతే అది వచ్చేదాకా బండి మూసుకోవాల్సిందే, అద్దె మాత్రం కట్టాల్సిందే. నా ఉద్యోగం పోతే నాతోపాటు నీ పర్మిటూ పోతుంది. స్థలం ఓనరు మేడ కడతానంటే బండి పోతుంది. ఒకదాని మీద ఒకటి మూడు డిపెండెన్సీలు, మూడూ మన చేతిలో లేవు. ఆవిడ అంతా విని, "మీకు రుణం ఇచ్చిన బ్యాంకు వాడు కూడా ఇవన్నీ చూసే ఇల్లు ఇచ్చాడు కదా?" అంది. సమాధానం లేదు నా దగ్గర.

తర్వాత ఆవిడే హైదరాబాదు సంగతి ఎత్తింది. 2024 జనవరిలో మాదాపూర్ వైపు, దుర్గం చెరువు దగ్గర, కుమారి ఆంటీ భోజనం బండిని ట్రాఫిక్ ఆగిపోతోందని పోలీసులు తీయించేస్తే గోలయింది, చివరికి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కల్పించుకుని అక్కడే ఉండనివ్వమన్నారు. మనమంతా వీడియోలు చూసి సంతోషించాం. సరే, ఆవిడకి యూట్యూబ్ ఉంది. పక్క బండివాడి మాటేంటి? 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది. సర్వే చేసి, సర్టిఫికెట్లిచ్చి, కదపాలంటే ముప్పై రోజుల నోటీసివ్వాలని అందులో ఉంది. మా బావమరిది గచ్చిబౌలిలో ఉండే గేటెడ్ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో ఎవరికీ ఆ చట్టం సంగతి తెలీదు, గేటు బయట బళ్ళు తీయించమని కార్పొరేషన్‌కి ఫిర్యాదు ఎలా పెట్టాలో మాత్రం అందరికీ తెలుసు. ఆ గ్రూపులో సగం మంది మన ఐటీ వాళ్ళే. రాత్రి పదకొండుకి రిలీజ్ అయ్యాక ఎగ్ దోసె తినేది ఆ బళ్ళ దగ్గరే. మనకి అరవై రోజులేనా అని మనం గుండెలు బాదుకుంటాం, వాడికి చట్టం ఇచ్చిన ముప్పై రోజులు ఇవ్వాలని మాత్రం మనకి తట్టదు. ఇది నాతో కలిపే అంటున్నాను. ఆ గ్రూపులో ఫిర్యాదు డ్రాఫ్టు ఇంగ్లీషు సరిచేసి పంపింది నేనే, రెండేళ్ళ కిందట.

సూర్యుడు వాలుతున్నాడు, చలి మళ్ళీ మొదలైంది, నిక్కర్లవాళ్ళంతా వణుకుతూ ఇళ్ళకి పోతున్నారు. లేద్దామనుకుంటుంటే పాడ్ చివర ఒక మూసిన బండి మీద 'అమ్మబడును' కాగితం కనిపించింది. పక్క బండి పెద్దాయన తాళం తెచ్చి చూపించాడు. మా ఆవిడ లోపలికెళ్ళి పెనం కొలిచింది జానలతో. మూడు అట్లు ఒకేసారి పడతాయంది. గ్యాసు లైను, ఎగ్జాస్ట్ ఫ్యాను, సింకు, ఒక్కోటీ తిప్పి చూసింది. పాప ఆర్డర్లు తీసుకునే కిటికీలోంచి తల బయటపెట్టి, "వాట్ వుడ్ యూ లైక్, నాన్నా?" అంది.

నేను కిందికి వంగి చక్రాలు చూశాను. వెనక రెండిట్లోనూ గాలి లేదు.

"గాలి కొట్టించాలి," అన్నాను పెద్దాయనతో.

"ఇన్‌స్పెక్షన్ రోజున కొట్టించండి చాలు," అన్నాడు ఆయన.